చెల్పూర్ అని వెతికితే

ఉత్తర తెలంగాణలో చెల్పూర్ పేరుతో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలంలో. రెండోది జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలో, పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలో. 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది ఈ రెండో చెల్పూర్‌లో. ‘చెల్పూర్ బస్సు ఎప్పుడొస్తది?’ అని పరకాల బస్టాండులో అడిగితే ఒక ఊరు, హుజూరాబాద్ బస్టాండులో అడిగితే ఇంకో ఊరు. జవాబు చెప్పేవాళ్ళు ఏ చెల్పూర్ అని తిరిగి అడగనక్కరలేదు. వాళ్ళు నిలబడ్డ చోటే వాళ్ళకు ఆ సంగతి చెప్తుంది. ఎక్కడో వేల మైళ్ళ దూరాన, వేల కంప్యూటర్లు పేర్చిన గదిలో నడిచే సెర్చ్ ఇంజిన్‌కు ఆ తెలివి ఎక్కడి నుంచి రావాలి?

ఈ అధ్యాయం కోసం ఒక మనిషిని ఊహించుకుందాం. భూపాలపల్లి వైపు చెల్పూర్‌లో ఉండే ఒక పంతులమ్మ. బడి అయిపోయాక రాత్రిళ్ళు సొంత బ్లాగు రాస్తుంది. గణపురం కోటగుళ్ళ మీద ఒక వ్యాసం, మిర్చి తోటకు వచ్చే ముడత మీద ఇంకొకటి, వాళ్ళమ్మ సర్వపిండి చేసే తీరు మీద మరొకటి. బంధువులు చదివారు, స్కూల్లో తోటి టీచర్లు చదివారు. ఆ తర్వాత ఆగిపోయింది. ఆమెను ఎరగని మనిషి, ఎక్కడో ఖమ్మంలోనో ఖతర్‌లోనో కూర్చుని సరిగ్గా ఆమె రాసిన సంగతి కోసమే వెతుకుతున్నవాడు, ఆ వ్యాసం దాకా ఎట్లా వస్తాడు? ఇది ప్రచారానికి సంబంధించిన ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఇది భాషకూ గణితానికీ సంబంధించిన ప్రశ్న. ఆ రెండూ తెలిస్తే ఆమె చేయాల్సిన పనులు వాటంతట అవే తేలుతాయి.

మొదట ఒక అపోహ తీసేయాలి. మనం మాట కొట్టి వెతుకు అనగానే ఇంజిన్ ఇంటర్నెట్ అంతా గాలించి రాదు. అంత సమయం దానికి ఉండదు. గాలింపు ముందే అయిపోయి ఉంటుంది. పాకే ప్రోగ్రాములు కొన్ని రాత్రింబవళ్ళు ఒక పేజీ తెరిచి, అందులో కనిపించిన లంకెలన్నీ రాసుకుని, ఆ లంకెల వెంట ఇంకో పేజీకి పోతూ ఉంటాయి. వీటినే సాలీళ్ళు అంటారు. లంకె అనే పోగు మీదే సాలీడు నడుస్తుంది కాబట్టి ఏ పోగూ తగలని పేజీ దానికి లేనట్టే. పంతులమ్మ వ్యాసానికి బయటి నుంచి ఒక్క లంకె కూడా లేకపోతే అది ఊరి బయట దారి లేని ఇల్లు. సాలీళ్ళు ఎక్కడికి రావచ్చో ఎక్కడికి రాకూడదో చెప్పే పద్ధతి 1994లో పుట్టింది. మా పేజీల జాబితా ఇదిగో అని మనమే అందించే సైట్‌మ్యాప్ పద్ధతిని గూగుల్ 2005లో మొదలుపెడితే, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకున్నాయి. ఇప్పటి బ్లాగు సేవల్లో చాలావరకు ఈ జాబితాను తామే తయారుచేస్తాయి. కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

సాలీడు తెచ్చిన పేజీని ఏం చేస్తారన్నది అసలు విషయం. పాత పద్యకావ్యాల ముద్రణలు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పుస్తకం చివర పద్యాల అకారాది ఉంటుంది. పద్యం మొదటి మాట తెలిస్తే చాలు, అది ఎన్నో పుటలో ఉందో దొరుకుతుంది. సెర్చ్ ఇంజిన్ లోపల ఉండేది అటువంటి అకారాదే. కాకపోతే మొదటి మాటకే కాదు, ప్రతి మాటకూ ఉంటుంది. ‘మిర్చి’ అన్న మాట కింద అది ఉన్న పేజీల సంఖ్యలు: 3, 17, 52. ‘ముడత’ అన్న మాట కింద: 17, 90. ఒక రైతు ‘మిర్చి ముడత’ అని వెతికితే ఇంజిన్ ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ ఉన్న 17ను బయటికి తీస్తుంది. కోట్ల పేజీలున్నా అరసెకనులో జవాబు రావడానికి కారణం ఈ తిరగేసిన సూచికే. పంతులమ్మ రాసిన వ్యాసం ఇందులోకి చేరేసరికి వ్యాసంగా మిగలదు. విడివిడి మాటలై ఒక్కోటి ఒక్కో వరుసలోకి పోయి కూర్చుంటుంది. ఆమె రాయని మాట వరుసలో ఆ వ్యాసం సంఖ్య ఉండదు. చాలామంది రచయితలు పట్టించుకోనిది ఇదే.

అన్ని మాటలకూ ఒకే విలువ లేదు. 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక సులువైన, లోతైన సంగతి చెప్పింది: ఒక మాట ఎన్ని తక్కువ పత్రాల్లో కనిపిస్తే, వెతుకులాటలో దాని బరువు అంత ఎక్కువ కావాలి. లక్ష పేజీలున్నాయనుకుందాం. ‘ఉంది’ అన్న మాట అందులో 50,000 పేజీల్లో ఉంటే లక్షను 50,000తో భాగిస్తే 2. ‘కోటగుళ్ళు’ అన్న మాట 10 పేజీల్లోనే ఉంటే భాగఫలం 10,000. ఈ భాగఫలానికి సంవర్గమానం తీస్తే మొదటి దాని బరువు 0.3, రెండో దానిది 4. పదమూడు రెట్ల తేడా. అరుదైన మాటే పేజీని గుంపులోంచి వేరుచేస్తుంది. పేరున్న నగరాల గురించి రాసేవాళ్ళకు ఈ సూత్రం పెద్దగా కలిసిరాదు, వాళ్ళ మాటలు లక్షల పేజీల్లో ఉంటాయి. చెల్పూర్ పంతులమ్మకు మాత్రం ఇది పెద్ద అండ. ఆమె వాడలు, ఆమె చెరువులు, ఆమె ఊరి పంటల పేర్లు అన్నీ అరుదైన మాటలే.

అయితే అరుదైన మాటను వందసార్లు రాస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇంటర్నెట్ మొదటి రోజుల్లో చాలామంది ఇదే చేశారు. పేజీ అడుగున తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో ఒకే మాటను వరుసగా నింపేవాళ్ళు. దీన్ని లండన్ సిటీ యూనివర్సిటీలో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం 1994 నాటికి తయారుచేసిన ఒక సమీకరణం చక్కగా ఆపేస్తుంది. అందులో ఒక మాట ఒకసారి వస్తే విలువ 1 అనుకుంటే, రెండుసార్లు వస్తే సుమారు 1.38, పదిసార్లు వస్తే 1.96, వందసార్లు వస్తే 2.17. ఎన్ని వేలసార్లు రాసినా 2.2 దాటదు. మొదటి రెండుమూడు సార్లే లాభం, ఆ తర్వాతదంతా పాఠకుణ్ణి విసిగించడమే. ఇప్పటి ఇంజిన్లు ఇంతకన్నా ఎన్నో లెక్కలు వేస్తాయి గానీ ఈ వంపు తిరిగిన గీత వాటి పునాదుల్లో ఉంది. ‘చెల్పూర్’ అన్న పేరును శీర్షికలో ఒకసారి, మొదటి వాక్యాల్లో ఒకసారి, అవసరమైన చోట ఇంకోసారి రాస్తే చాలు.

ఇంతవరకు చెప్పింది ఏ భాషకైనా వర్తిస్తుంది. ఇక తెలుగు దగ్గరికి వద్దాం, అసలు చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె తెలుసు. యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టిక తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు కేటాయించింది. ‘చెల్పూర్’ అని మనం చదివేది కంప్యూటర్ లోపల ఎనిమిది అంకెల వరుస: 3098, 3142, 3122, 3149, 3114, 3138, 3120, 3149. చ, ఎత్వం, ల, పొల్లు, ప, ఊత్వం, ర, పొల్లు. ఒక్కో అంకెకూ మూడేసి బైట్ల చొప్పున 24 బైట్లు. వెతికేవాడు కొట్టిన మాట, రాసినామె రాసిన మాట ఒకే అంకెల వరుస అయితేనే అవి రెండూ ఒకటని యంత్రం ఒప్పుకుంటుంది. ఈ పట్టిక 1991లోనే వచ్చింది. కానీ మన చేతికి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

ఆ పదిహేనేళ్ళ కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునే ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. రైస్ యూనివర్సిటీలో పుట్టింది కాబట్టి దానికి ఆ పేరే వచ్చింది. తర్వాత తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ఒక్కో పత్రికది ఒక్కో సొంత ఫాంటు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టి అచ్చు చూపించేవి. మన జిల్లాల్లో ఏ డీటీపీ సెంటరుకు పోయినా పెళ్ళిపత్రిక నుంచి కరపత్రం దాకా ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో కొట్టేవాళ్ళు, ఇప్పటికీ కొడుతున్నారు. కాగితం మీద అది అందమైన తెలుగే. కంప్యూటర్ లోపల మాత్రం అది తెలుగు కాదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కుప్ప. సెర్చ్ ఇంజిన్ చూసేది ఆ కుప్పనే. రోజుకు వందల వార్తలు తెలుగులో వెలువడుతున్న కాలంలో కూడా తెలుగులో వెతికితే వాటిలో ఒక్కటీ దొరకని పరిస్థితి అందువల్ల వచ్చింది. రాసినవాళ్ళ శ్రమంతా కళ్ళముందే ఉండి కనిపించకుండా పోయింది. దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దాన్ని సరిదిద్దడానికి చేయి వేసినవాళ్ళు చాలామంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రసాద్ పింగళి, జగదీశ్ జాగర్లమూడి, వాసుదేవ వర్మ కలిసి వెబ్‌ఖోజ్ అనే సెర్చ్ ఇంజిన్ నిర్మించి, 2006లో ఎడిన్‌బరోలో జరిగిన అంతర్జాతీయ వెబ్ సదస్సులో దాని గురించి వివరించారు. రకరకాల ఫాంట్ల గదుల్లో చిక్కుకున్న భారతీయ భాషల అక్షరాలను ఒకే పట్టికలోకి మార్చి, ఆ తర్వాత వెతకడం దాని పని. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టిన వెన్న నాగార్జున, పత్రికల ఫాంట్లను చూస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పనిముట్టు తయారుచేశాడు. వీవెన్ లేఖిని అనే ఇంకో పనిముట్టు చేశాడు. తెలుగు కీబోర్డు తెలియనివాళ్ళు కూడా ఇంగ్లీషు అక్షరాలతో కొడితే పక్కనే తెలుగు వచ్చేది. 2006 తర్వాత తెలుగు బ్లాగులు గుంపులు గుంపులుగా పుట్టడానికి ఇది పెద్ద కారణం. 2011లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్షియంలో సభ్యత్వం తీసుకుంది. ఆ తర్వాత ఉచితంగా వచ్చిన తెలుగు ఫాంట్లలో సురవరం, గిడుగు, మండలి లాంటి పేర్లు ఉండడం చూస్తే సంతోషం కలుగుతుంది. ఇవన్నీ జరిగాయి కాబట్టే మన పంతులమ్మ ఈ రోజు ఫోన్లో కొట్టిన అక్షరం నేరుగా సూచికలోకి పోతోంది. ఎవరైనా పాత సావనీరు వ్యాసాన్ని డీటీపీ ఫైలుగా ఆమెకు పంపితే, దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, అప్పుడే పెట్టాలి. కాగితాన్ని ఫొటో తీసి పెడితే కళ్ళకు కనిపిస్తుంది గానీ దానిలోని మాటలు ఏ వరుసలోకి ఎట్లా చేరతాయన్న భరోసా లేదు.

అక్షరం కుదిరింది. ఇక మాట కుదరాలి. ఇంగ్లీషులో ఊరి పేరు ఊరి పేరుగానే ఉంటుంది, విభక్తి దానికి దూరంగా నిలబడుతుంది. తెలుగులో అది వచ్చి అతుక్కుంటుంది. చెల్పూర్‌లో, చెల్పూర్‌కు, చెల్పూరుకు, చెల్పూరోళ్ళు, చెల్పూర్‌నుంచి. ఇంకో చిన్న సంగతి చూడండి. చెల్పూర్‌లో అని రాసేటప్పుడు ర్ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. దాని అంకె 8204. అది లేకపోతే ర, ల కలిసి చెల్పూర్లో అయిపోతుంది. చదివే మనిషికి రెండూ ఒకటే. అంకెలు పోల్చే యంత్రానికి మొదటిది 11 అంకెల మాట, రెండోది 10 అంకెల మాట. గుడి అన్న మాట ఇంకా కష్టం: గుడి, గుడికి, గుళ్ళో, గుళ్ళు. మొదలే మారిపోతుంది. కోటగుళ్ళు అని కొందరు, కోట గుళ్ళు అని విడగొట్టి కొందరు, గుళ్లు అని కింద ల ఒత్తు పెట్టి కొందరు రాస్తారు. గణపురం అంటారు, ఘనపూర్ అంటారు. ఘనపూర్ అంటే జనగామ జిల్లాలో స్టేషన్ ఘనపూర్ కూడా ఉంది. పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఈ రూపాలను కలపడానికి ప్రయత్నిస్తాయి, చాలాసార్లు కలుపుతాయి. కానీ అరుదైన పేర్ల దగ్గర యంత్రానికి చూసి నేర్చుకోవడానికి తగినన్ని ఉదాహరణలు దొరకవు. అరుదు కావడం బలమని ముందు చెప్పాను. అదే ఇక్కడ బలహీనత.

దీనికి మందు పంతులమ్మ చేతిలోనే ఉంది. పేరును ఒక్కసారైనా ఏ విభక్తీ అతకకుండా శుభ్రంగా రాయాలి. ‘గణపురం కోటగుళ్ళు’ అన్న శీర్షికలో రెండు మాటలూ తమ తమ రూపంలో నిలబడతాయి. లోపల ఒక వాక్యంలో ‘ఘనపూర్ అని కూడా పిలిచే గణపురం’ అని చెప్తే రెండో పేరుతో వెతికేవాడూ చేరతాడు. ఇంకొందరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. వాళ్ళ కోసం పేజీ చిరునామాలో ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే, తెలుగు వ్యాసం తెలుగుగానే ఉంటూ వాళ్ళకూ దారి చూపిస్తుంది.

రూపం కుదిరినా అసలు మాటే వేరైతే? 1987లో జార్జ్ ఫర్నాస్, థామస్ లాండవర్, లూయిస్ గోమెజ్, సూసన్ డుమే కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు తమంతట తాము ఒకే పేరు ఎంచుకునే అవకాశం వందకు ఇరవై కూడా లేదని వాళ్ళు తేల్చారు. ఒకే భాష మాట్లాడేవాళ్ళ సంగతి అది. మన దగ్గర ఎల్లిగడ్డ అన్నది కోస్తాలో వెల్లుల్లి. పల్లి అక్కడ వేరుశనగ. సర్వపిండిని గిన్నప్ప అనేవాళ్ళున్నారు, తపాలచెక్క అనేవాళ్ళున్నారు. పంతులమ్మ తన వంటలో ఎల్లిగడ్డ అనే రాయాలి, అది ఆమె భాష, దాన్ని వదులుకోకూడదు. వెల్లుల్లి అన్న మాట కూడా ఒకచోట పలికితే గుంటూరు అమ్మాయి కూడా ఆ వంటింట్లోకి వస్తుంది.

మిర్చి విషయంలో ఇది రుచికి మించిన సంగతి. 2021–22 పంటకాలంలో తెలుగు రాష్ట్రాల మిర్చి తోటల మీద కొత్త రకం తామర పురుగు పడింది. పూలల్లో చేరి పూత రాల్చి పంటను నాశనం చేసింది. శాస్త్రవేత్తల కాగితాల్లో దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. రైతుల నోట నల్ల తామర పురుగు. తోటలో నిలబడి ఫోను తీసిన రైతు శాస్త్రీయనామం కొట్టడు. తనకు కళ్ళముందు కనిపించేదే కొడతాడు: మిర్చి ఆకు ముడత, పూత రాలుతోంది, ఏ మందు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పైముడత, దానికి తామర పురుగు కారణం. కిందికి ముడుచుకుంటే కింది ముడత, దానికి నల్లి కారణం. రెండింటికీ మందు వేరు. ఈ తేడాను రైతు అడిగే మాటల్లోనే, తన చేనులో తీసిన ఫొటో కింద వివరంగా రాసిన పేజీ ఒకటి ఉంటే, దానికి జనం రావడమే కాదు, తప్పు మందు కొట్టే ఒక రైతు ఆగుతాడు. జబ్బు పేరు తెలిసినవాడికి డాక్టరు దొరుకుతాడు. పేరు తెలియనివాడికి లక్షణమే దిక్కు. వెతుకులాటలో ఎక్కువమంది ఈ రెండోవాళ్ళే. కాబట్టి పేజీలో పేరూ ఉండాలి, లక్షణమూ ఉండాలి.

ఈ మాటల తేడాను యంత్రాలు కూడా కొంత దాటుతున్నాయి. ఏ మాట పక్కన ఏ మాటలు వస్తాయో కోట్ల వాక్యాల్లో గమనించి, ఒక్కో మాటకూ బహుదిక్కుల పటంలో ఒక చోటు ఇచ్చే పద్ధతులు వచ్చాయి. వెల్లుల్లి, ఎల్లిగడ్డ రెండూ ‘దంచి’, ‘పొట్టు’, ‘కారం’ పక్కనే కనిపిస్తే ఆ పటంలో దగ్గరదగ్గరగా చేరతాయి. బెర్ట్ అనే అటువంటి పద్ధతిని గూగుల్ 2019 డిసెంబరులో తెలుగుతో సహా 70కి పైగా భాషల వెతుకులాటకు విస్తరించింది. కానీ ఆ పటం గీయడానికి ముడిసరుకు మనం రాసిన వాక్యాలే. ఎల్లిగడ్డ అని రాసేవాళ్ళు తక్కువైతే ఆ మాటకు పటంలో చోటు మసకగానే ఉంటుంది. మన మాండలికాన్ని రాతలోకి తేవడం వల్ల కలిగే ఒక లాభం ఇది.

ఒకే మాట వంద పేజీల్లో ఉంటే ఏది ముందు, ఏది వెనక? దీనికి స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో ఇచ్చిన జవాబు గూగుల్‌కు పునాది అయింది. దాన్ని అర్థం చేసుకోవడానికి కాకతీయుల నేలలో ఉన్నవాళ్ళకు గొలుసు చెరువుల కన్నా మంచి పోలిక అక్కర్లేదు. గణపసముద్రం, రామప్ప, లక్నవరం, పాకాల ఉన్న ప్రాంతం ఇది. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు నీళ్ళు పోతాయి. ఒక్కో పేజీని ఒక్కో చెరువనుకోండి. అందులోంచి ఇంకో పేజీకి ఉన్న లంకె, మత్తడి నుంచి పోయే కాలువ. ఒక చెరువు నుంచి 100 పాళ్ళ నీళ్ళు కదిలితే 85 పాళ్ళు కాలువల్లోకి సమానంగా చీలిపోతాయి. కాలువలు అయిదే అయితే ఒక్కోదానికి 17. ఎనభై అయిదైతే ఒక్కోదానికి ఒకటి. మిగిలిన 15 పాళ్ళు ఆవిరై, మళ్ళీ దేశంలోని చెరువులన్నిటి మీదా సమానంగా వానగా పడతాయి. నీటిమట్టాలు కుదురుకునేదాకా ఈ లెక్కను మళ్ళీ మళ్ళీ వేస్తారు. 1998లో వాళ్ళు 32 కోట్ల 20 లక్షల లంకెలతో చేసిన లెక్క సుమారు 52 విడతల్లో కుదురుకుంది. చివరికి ఏ చెరువులో నీళ్ళెక్కువో ఆ పేజీకి విలువ ఎక్కువ.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, వాన అందరి మీదా పడుతుంది. ఎవరూ లంకె ఇవ్వని పేజీకి కూడా ఆ కాస్త తడి ఉంటుంది. రెండోది, నిండు చెరువు నుంచి వచ్చే ఒక్క కాలువ, ఎండిన కుంటల నుంచి వచ్చే వంద కాలువల కన్నా మేలు. తెలుగు బ్లాగుల తొలిరోజుల్లో కూడలి, జల్లెడ, మాలిక లాంటి సంకలినులు కొత్తగా పుట్టిన ప్రతి బ్లాగు టపానూ తమ పేజీలో చూపించేవి. అప్పటి రచయితలకు అవే నిండు చెరువులు. ఒకరి టపా చదివి ఇంకొకరు తన టపాలో లంకె ఇచ్చేవారు, పిల్ల కాలువలు తవ్వుకున్నట్టు. ఇప్పుడు ఆ మాటామంతీ చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లోకి పోయింది. అక్కడ పంచుకున్న లంకె దగ్గరికి సాలీడు పోలేదు, ఆ నీళ్ళు ఇంకిపోతాయి. అందుకే పంతులమ్మ తన కోటగుళ్ళ వ్యాసంలోంచి తన చెరువు వ్యాసానికి, అక్కడి నుంచి రామప్ప మీద బాగా రాసిన వేరే వాళ్ళ వ్యాసానికి దారులు వేయాలి. తనలాగే జిల్లా చరిత్ర రాసేవాళ్ళతో రాకపోకలు పెట్టుకోవాలి. డబ్బిచ్చి లంకెలు కొనుక్కునే వ్యాపారం ఒకటి నడిచింది. 2012లో గూగుల్ దాని మీద గట్టి దెబ్బ వేసింది. అంతకు ముందు 2011లో, సారం లేకుండా కుప్పలుగా పోసిన పేజీలను కిందికి నెట్టింది. దొంగ కాలువలు తవ్వినవాళ్ళ చెరువులు ఎండాయి.

ఎక్కడ పోటీ పడాలో తెలుసుకోవడం ఇంకో విద్య. 2021 జులై 25న రామప్ప గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఒక్క మాట మీద పత్రికలు, ప్రభుత్వ శాఖలు, పర్యాటక సంస్థలు రాసినవి ఉన్నాయి. ‘రామప్ప’ అని ఒక్క మాట వెతికినవాడు చెల్పూర్ పంతులమ్మ దాకా రావడం కష్టం. కానీ రామప్ప చూసినవాడికి ఆ దగ్గర్లోనే 22 గుళ్ళ సముదాయం ఉందని తెలిశాక, ‘రామప్ప నుంచి గణపురం కోటగుళ్ళకు దారి’ అని వెతుకుతాడు. మాటలు పెరిగిన కొద్దీ వెతికేవాళ్ళు తగ్గుతారు, జవాబు ఉన్న పేజీలు ఇంకా వేగంగా తగ్గుతాయి. ఆ సన్నని బాటలో ఆమె ఒక్కతే ఉండొచ్చు. ఏ మలుపు దగ్గర తిరగాలి, ఆటోలు ఎక్కడ ఆగుతాయి, ఏ వేళ వెలుతురులో శిల్పాలు బాగా కనిపిస్తాయి అన్నవి హైదరాబాదులో కూర్చుని రాసేవాడికి తెలియవు. మేడారం సంగతి వేరు. రెండేళ్ళకోసారి జాతర దగ్గర పడుతుంటే వెతికేవాళ్ళు ఉప్పెనలా వస్తారు, అయిపోగానే పోతారు. సాలీడు రావాలి, సూచికలో చేరాలి, కొంత కాలం నిలదొక్కుకోవాలి కాబట్టి జాతర దారుల మీద వ్యాసం జాతర వారంలో రాస్తే ఆలస్యం. మూడు నాలుగు నెలల ముందే రాసి, అదే పేజీని ప్రతి జాతరకూ సరిచేస్తూ ఉంటే పాత పేజీకి చేరిన నీళ్ళు పోవు.

తాను రాసింది ఎవరికి దొరుకుతోందో చూసుకునే కిటికీ ఒకటి ఉంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సేవలో తన బ్లాగును నమోదు చేసుకుంటే, ఏ మాటలు వెతికినప్పుడు తన పేజీ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కి లోపలికి వచ్చారు అన్నది తెలుస్తుంది. చాలామంది ఇందులో అంకెలు చూసి ఆనందమో దిగులో పడి మూసేస్తారు. నేనైతే మాటల వరుస చదవమంటాను. అవి ముఖం తెలియని మనుషులు అడిగిన ప్రశ్నలు. కోటగుళ్ళ పేజీ ‘కోటగుళ్ళు ఎవరు కట్టించారు’ అన్న ప్రశ్నకు వందసార్లు కనిపించి ఒక్కరూ లోపలికి రాకపోతే, ఆ సంగతి ఆమె రాయలేదన్నమాట, లేదా ఎక్కడో పదో పేరాలో దాచిందన్నమాట. రాయాల్సిన తర్వాతి వ్యాసం ఏదో ఆ వరుసే చెప్తుంది. ఈ మధ్య సెర్చ్ ఇంజిన్లు కొన్ని ప్రశ్నలకు తామే జవాబు తయారుచేసి పైన చూపిస్తున్నాయి. ఒక్క వాక్యంలో తేలిపోయే ప్రశ్నకు ఇక పేజీ దాకా వచ్చేవాళ్ళు తగ్గుతారు. దారి, అనుభవం, ఫొటో, చేతి కొలత కావాలనుకున్నవాళ్ళు ఇంకా వస్తారు.

ఇప్పుడు మళ్ళీ రెండు చెల్పూర్‌ల దగ్గరికి. ఒక రోజు ఆ కిటికీలో పంతులమ్మకు ‘చెల్పూర్ హుజూరాబాద్’ అన్న మాటలు కనిపించాయనుకుందాం. ఎవరో ఆ ఊరి కోసం వెతికితే ఈ ఊరి పేజీ కనిపించింది. బస్టాండులో నిలబడ్డవాళ్ళకు ఉన్న తెలివి యంత్రానికి ఇవ్వాల్సింది ఆమే. ఆ రాత్రి తన మొదటి వ్యాసం తెరిచి మొదటి వాక్యం మార్చింది. ‘మా ఊరు చెల్పూర్’ అని ఉన్నదాన్ని ఇట్లా రాసింది: ‘మా ఊరు చెల్పూర్, జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా వరంగల్ జిల్లా. హుజూరాబాద్ దగ్గరి చెల్పూర్ వేరు, అది కరీంనగర్ జిల్లా.’ పాత జిల్లా పేరుతో వెతికే దూరదేశపు మనిషి కూడా ఇక ఈ వాక్యం దగ్గర ఆగుతాడు. మార్పు భద్రపరిచి, కింద హుజూరాబాద్ చెల్పూర్ గురించి ఎవరైనా రాశారేమో వెతికి, దొరికిన పేజీకి ఒక లంకె కూడా ఇచ్చింది.